కాంటా మీద బొటనవేలు

మా బాపు వరంగల్‌లో, రైతుల సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా లెక్కలు రాశాడు. ఎండకాలం సెలవుల్లో ఆయనకు మధ్యాహ్నం అన్నం గిన్నె తీసుకొనిపోవడం నా వంతు పని. చేతిలో ఉన్న తక్‌పట్టీలు, అంటే రైతుకు ఇచ్చే తూకం-ధర చీటీలు, రాయడం ముగించి, చేతులు కడుక్కొని, ఆయన తినడం పూర్తి చేసేదాకా నేను మక్కల బస్తాల మీద కూర్చొని కాంటా వైపు చూస్తుండేవాణ్ణి. కాంటా అబద్ధం చెప్పదని అప్పటికి గట్టిగా నమ్మే వయసు కనుక, తూకం వేసే మనిషి బొటనవేలు పళ్లెం అంచుకు ఆనీ ఆననట్టు ఆనడం ఒకరోజు నా కంటపడినప్పుడు, పెద్ద నేరాన్ని పట్టుకున్నంత సంబరంతో బాపు చెవిలో ఆ సంగతి ఊదాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "బస్తకు బస్త ఎత్తుకపొయ్యేటోడు ఎవ్వడు లేడు బిడ్డా. అందరికి కొద్దిగనే గావాలె" అన్నాడు.

ఆ తరువాత నేను తెలుగు చదువుకొని, తెలుగు పాఠాలు చెప్పుకొని, పదవీ విరమణ కూడా చేసి, ఇప్పుడు హనుమకొండలో తీరికగా పుస్తకాలు తిరగేస్తున్నాను. లోభం మీద వచ్చిన వ్యంగ్య రచన ఏది చదివినా ఆ బొటనవేలే గుర్తుకు వస్తుంది. ఈ మధ్య ఒక కళాశాలలో పిల్లలతో ఈ విషయం మీద మాట్లాడవలసి వచ్చినప్పుడు ఒక అమ్మాయి లేచి, "సార్, లోభి అంటే పిసినారా, ఆశపోతా?" అని అడిగింది. రెండూ ఒకటేనమ్మా అని తేల్చేసి కూర్చున్నాను. ఇంటికి వచ్చేదాకా ఆ జవాబు నన్ను గుచ్చుతూనే ఉంది. ఈ వ్యాసం ఆ జవాబుకు సవరణ.

సంస్కృతంలో 'లుభ్' అనే ధాతువు నుంచి లోభమూ వచ్చింది, లుబ్ధుడూ వచ్చాడు, లుబ్ధకుడూ వచ్చాడు. లుబ్ధకుడంటే వేటగాడు. అంటే ఆ మాట పుట్టుకలో ఒక పరుగు ఉన్నది, ఒక పొంచి ఉండటం ఉన్నది. తెలుగులో మనం ఆ వేటగాణ్ణి తెచ్చి ఇనప్పెట్టె పక్కన కూర్చోబెట్టి పిసినారిని చేశాం. పైకం అడిగితే చాలు, లోభి భగ్గున పడి చస్తాడని వేమన అన్నాడు; ఆ పద్యం చదివి నవ్వని తెలుగువాడు ఉండడు. అయితే ఆ నవ్వులో ఒక సుఖం ఉన్నది. పడి చచ్చేవాడు మనం కాదు, మనం అడిగేవాళ్ల వైపు ఉన్నాం. పిసినారిని చూసి నవ్వడానికి పాఠకుడు ఏమీ కోల్పోనక్కరలేదు, అందుకే పిసినారి కథలు మన దగ్గర అన్ని పుట్టాయి. ఆ అమ్మాయికి నేను చెప్పవలసిన తెలుగు మాట వేరొకటి ఉన్నది: కక్కుర్తి. చిన్నదానికోసం పెద్దగా జారిపోవడాన్ని ఇంత సూటిగా పట్టుకున్న మాట సంస్కృతంలో నాకు కనిపించలేదు. మంచి వ్యంగ్య రచయితలందరూ లోభం పేరు చెప్పి నిజానికి కక్కుర్తిని గురించే రాశారని నా అనుమానం. ధనం మనిషిని చెడగొడుతుందని చెప్పడం నీతిశాస్త్రాల పని. చెడిపోతున్న మనిషి తాను తెలివిగా, జాగ్రత్తగా, న్యాయంగానే నడుచుకొంటున్నానని ఎట్లా నమ్ముతాడో చూపించడం వ్యంగ్యం పని.

దీనికి మనకందరికీ తెలిసిన ఉదాహరణ చిన్నప్పుడే వాచకంలో దొరికింది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. అందులోని మిత్రలాభంలో ముసలి పులి కథ ఉన్నది. స్నానం చేసి, దర్భలు పట్టుకొని, చెరువు గట్టున కూర్చున్న పులి బంగారు కంకణం చూపించి బాటసారిని పిలుస్తుంది. ఆ బాటసారి ఎగిరి గంతేసి వెళ్లలేదని చాలామంది మరిచిపోతారు. అతడు ఆలోచిస్తాడు, సందేహిస్తాడు, క్రూరజంతువువైన నిన్ను నమ్మేదెట్లా అని అడుగుతాడు. పులి తన పాత పాపాలు ఒప్పుకొంటుంది, భార్యాబిడ్డలు పోయిన దుఃఖం చెబుతుంది, దానధర్మాల గురించి శాస్త్రం వల్లిస్తుంది. అంతా విన్న తరువాతే అతడు స్నానానికి చెరువులోకి దిగి బురదలో కూరుకుపోతాడు. ఈ కథను బడిలో దురాశ దుఃఖానికి చేటు అని ముగించేవారు. నేనూ ఏళ్ల తరబడి అట్లాగే ముగించాను. కానీ కథలో ఘోరమైన హాస్యమంతా ఆ ప్రశ్నోత్తరాలలో ఉన్నది. బాటసారికి కావలసిన జవాబులు పులి ఇస్తున్నది. ఇన్ని ప్రశ్నలు అడిగాను కదా అన్న ధైర్యమే అతణ్ణి బురదలోకి దించింది. అతని కళ్లు బాగానే ఉన్నాయి, గోళ్లను చూడగలవు. కంకణం చెయ్యి పెట్టింది అతని కాంటా మీద.

గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం గురించి కొత్తగా చెప్పేదేముంటుందని నా మిత్రులు అంటారు. 1892లో మొదట ఆడి, 1897లో అచ్చయి, 1909లో దాదాపు కొత్త నాటకమన్నంతగా మారి వచ్చిన ఆ రచన మీద రాసిన పుస్తకాలు ఒక బీరువా నిండుతాయి. అయినా మొదటి కూర్పు ముందుమాటలోని ఒక లెక్క దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కాలంలో జరిగిన బ్రాహ్మణ కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయిస్తే ఆ సంఖ్య 1,034 అయిందని గురజాడ చెబుతాడు. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఈ అంకెలు చదివిన మనిషి ఏడుపు నాటకం రాయాలి. గురజాడ నవ్వు నాటకం రాశాడు. ఎందుకని ఆలోచిస్తే నాకు తోచేది ఇది: ఆ జాబితాలో ఉన్న తండ్రులెవరూ తాము రాక్షసులమని అనుకోలేదు, కనుక వాళ్లను రాక్షసులుగా చూపిస్తే వాళ్లే చప్పట్లు కొట్టి ఇంటికి పోతారు.

అగ్నిహోత్రావధానులను చూడండి. ఆయన పిసినారి కాదు. కోర్టు వ్యవహారాలకు డబ్బు మంచినీళ్లలా పోసే మనిషి. పెద్ద కూతురు బుచ్చమ్మను అమ్మి, ఆమె విధవ అయిన తరువాత కూడా, చిన్న కూతురు సుబ్బికి పద్దెనిమిది వందల రూపాయలకు సంబంధం కుదుర్చుకొని వస్తాడు. భార్య నూతిలో పడబోతే ఆయనకు కోపం వస్తుంది గాని సందేహం రాదు. శాస్త్రం తన వైపు ఉన్నది, కుల మర్యాద తన వైపు ఉన్నది. అవతల సుబ్బికి కుదిరిన ముసలి వరుడు లుబ్ధావధానులు పేరులోనే దొరికిపోయిన మనిషి కనుక విద్యార్థులు ఆయనను చూసి తొందరగా నవ్వేస్తారు. రంగస్థలం మీద కూడా దగ్గుతూ, మొలలో డబ్బు తడుముకుంటూ తిరిగే ముసలివాడిగా ఆయనను ఆడి ఆడి అరగదీశారు. మధ్యలో రామప్పంతులు తన వాటా కోసం ఇద్దరి చెవులూ కొరుకుతుంటాడు. ఒకరికి ధర కావాలి, ఒకరికి తగ్గింపు కావాలి, ఒకరికి దళారీ రుసుము కావాలి.

ఇక్కడ గురజాడ చేసిన పని చూస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సుబ్బి మేనమామ కరటకశాస్త్రి ఆ పెళ్లి తప్పించడానికి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి, తక్కువ శుల్కానికి దొరికే పెళ్లికూతురుగా తీసుకువస్తాడు. లుబ్ధావధానులు ఆ బేరానికి పడిపోయి సుబ్బి సంబంధం వదులుకొంటాడు, మగపిల్లవాణ్ణి పెళ్లి చేసుకొంటాడు. ఇది వట్టి ప్రహసనపు ఎత్తుగడ అనుకొనేవాణ్ణి ఒకప్పుడు. ఇంత సులభంగా అందరూ ఎట్లా మోసపోతారు, రచయిత కొంచెం తేలిక చేశాడేమో అనిపించేది. తరువాత అర్థమైంది. ఆ వేషం పారడానికి కారణం చీర కాదు, రవిక కాదు. పెళ్లికూతురి ముఖం వైపు ఎవరూ చూడటం లేదు. అందరి చూపూ ధర మీద ఉన్నది. చీర కట్టిన వస్తువు ఒకటి ఉన్నది, అది మునుపటి వస్తువు కన్నా చవక. అంతవరకే కాంటా చూపిస్తుంది. పెళ్లికూతురు స్థానంలో మగపిల్లవాణ్ణి నిలబెట్టినా తేడా తెలియనంతగా ఆ ఊరు ఆడపిల్లను వస్తువుగా చేసేసిందని ఒక్క ఉపన్యాసం లేకుండా చెప్పాడాయన. పెళ్లికోసం వేశ్య మధురవాణి దగ్గర ఎరువు తెచ్చిన కంటె అనే మెడనగ ఆ మాయ పెళ్లికూతురితో పాటే మాయమై, దళారీ రామప్పంతులు మెడకే చుట్టుకుంటుంది. ఇంతమంది మర్యాదస్తుల మధ్య, ఏది అమ్మకానికి ఉన్నదో ఏది లేదో స్పష్టంగా తెలిసిన మనిషి మధురవాణి ఒక్కతే. లోకం దృష్టిలో అమ్ముకొని బతికేది ఆమె.

అమెరికా రచయిత మార్క్ ట్వేన్ 1899లో హాడ్లీబర్గ్ అనే కల్పిత పట్టణం గురించి ఒక పెద్ద కథ రాశాడు. ఆ ఊరు నిజాయితీకి పేరు మోసింది. మమ్మల్ని ప్రలోభంలోకి నడిపించవద్దు అన్న ప్రార్థన వాక్యం ఊరి ముద్ర మీద చెక్కి ఉంటుంది, పిల్లలను ఉయ్యాల నుంచే ప్రలోభాలకు దూరంగా పెంచుతారు. ఆ ఊరివల్ల ఎప్పుడో అవమానపడ్డ ఒక అపరిచితుడు పగ తీర్చుకోవడానికి ఒక సంచి తెచ్చి ఒకరి ఇంట్లో వదిలి వెళతాడు. అందులో నలభై వేల డాలర్ల బంగారు నాణేలు ఉన్నాయని, ఒకప్పుడు తాను దివాలా తీసి ఉన్నప్పుడు ఈ ఊరివాడొకడు ఇరవై డాలర్లు ఇచ్చి ఒక మంచి మాట చెప్పాడని, ఆ మాట ఏమిటో చెప్పగలిగినవాడికే ఈ సొత్తని కాగితం రాసిపెడతాడు. తరువాత ఊరిలోని పంతొమ్మిది మంది పెద్దమనుషులకు ఒకరికి తెలియకుండా ఒకరికి ఉత్తరాలు అందుతాయి. ఆ మంచి మాట ఇదే; అది చెప్పిన గుడ్‌సన్ చనిపోయాడు; అతనికి మీరొకసారి గొప్ప ఉపకారం చేశారట, కనుక న్యాయంగా ఆ ధనం మీదే.

ఇక్కడివరకు ఇది ఒక ఉచ్చు కథ. ఇక్కడి నుంచి ట్వేన్ దయలేని మనిషి అవుతాడు. రిచర్డ్స్ అనే ముసలాయన రాత్రి నిద్ర మానుకొని గుడ్‌సన్‌కు తాను చేసిన ఉపకారం ఏమై ఉంటుందా అని వెతుకుతాడు. అతని ఆత్మను రక్షించానా? ప్రాణం రక్షించానా? నీళ్లలో మునిగిపోతుంటే ఈదుకుంటూ వెళ్లి లాక్కొచ్చానా? ఆ దృశ్యం వివరంగా ఊహించుకొని, ఒడ్డున చేరి జనం చప్పట్లు కొట్టేదాకా వచ్చాక, అంత పెద్ద సంగతి జరిగి ఉంటే ఊరందరికీ తెలిసి ఉండేది కదా, పైగా తనకు ఈతే రాదు కదా అని గుర్తుకొస్తుంది. అప్పుడు మరొకటి వెతుకుతాడు. చివరికి ఎవరూ రుజువు అడగలేని ఉపకారం ఒకటి జ్ఞాపకాల్లో దొరికేదాకా వెతికి, దొరికాక హాయిగా నిద్రపోతాడు. అదే రాత్రి మిగతా పద్దెనిమిది ఇళ్లలో అదే వెతుకులాట. డబ్బు రాకముందే ఆ ఇళ్లవాళ్లు బండ్లకు, మేడలకు అప్పు మీద బేరాలు పెట్టుకొంటారు. సభలో కవర్లు ఒక్కొక్కటే విప్పి చదువుతుంటే అన్నింట్లోనూ ఒకటే మాట బయటపడి ఊరంతా విరగబడి నవ్వుతుంది. ఒక్క కవరు మాత్రం, రిచర్డ్స్‌ది, ఒకరి కృతజ్ఞత వల్ల బయటికి రాదు; ఆ తప్పించుకోవడమే ముసలి దంపతులను లోపల నుంచి తినేస్తుంది.

లోభం మనిషి చేత దొంగతనం చేయిస్తుందని ఎవరైనా రాస్తారు. మనిషి గతాన్ని తిరగరాయిస్తుందని, రేపటి డబ్బు కోసం నిన్నటి మంచితనాన్ని పుట్టిస్తుందని రాసినవాళ్లు తక్కువ. ఈ కథ చదివినప్పుడల్లా నేను మా కాలనీని ఊహించుకొంటాను. ఇది పదవీ విరమణ చేసిన ఉద్యోగుల కాలనీ. అందరం ఉదయం నడకకు వెళతాం, అందరం లోకంలో అవినీతి పెరిగిపోయిందని బాధపడతాం. ఒక సంచి వచ్చి, ఫలానా చనిపోయిన పెద్దాయనకు మేలు చేసినవారిది ఈ సొత్తు అని తెలిస్తే, ఆయన బిడ్డ పెళ్లికి కుర్చీలు మోసింది నేనే కదా, ఆయన పెన్షన్ కాగితం మీద సంతకం తొందరగా పడేటట్టు చూసింది నేనే కదా అని ఎన్ని ఇండ్లల్లో దీపాలు ఆరకుండా ఉంటాయో! మా ఇంట్లో దీపం సంగతి కింద చెబుతాను.

రష్యన్ రచయిత గొగోల్ 1842లో వెలువరించిన మృతజీవులు నవలలో చిచికోవ్ అనే మర్యాదస్తుడు ఊరూరూ తిరిగి చనిపోయిన బానిస రైతులను కొంటాడు. ఆ దేశంలో అప్పట్లో జనాభా లెక్కకూ లెక్కకూ నడుమ చనిపోయిన రైతులు కాగితాల మీద బతికే ఉండేవారు, భూస్వామి వారి తల పన్ను కడుతూనే ఉండాలి. ఆ కాగితపు మనుషులను కారుచౌకగా కొని, బతికినవాళ్లుగా చూపించి ప్రభుత్వం దగ్గర తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడం చిచికోవ్ ఉపాయం. రికార్డులో బతికి ఉండి నేల మీద లేని మనుషులు, నేల మీద ఉండి రికార్డులో లేని మనుషులు అన్న సంగతి మన దగ్గర ఎవరికీ వివరించి చెప్పనక్కరలేదు కనుక దాన్ని అక్కడే వదులుతున్నాను.

ఆ నవలలో నాకు ఇష్టమైన పాత్ర చిచికోవ్ కాదు, కొరొబొచ్కా అనే విధవరాలు. ఆమె చిన్న భూస్వామిని. తేనె అమ్ముతుంది, జనపనార అమ్ముతుంది, ఇల్లు శుభ్రంగా పెట్టుకొంటుంది. చచ్చినవాళ్లను అమ్ముతావా అని చిచికోవ్ అడిగినప్పుడు ఆమెకు కలిగే సందేహం ఇది పాపమా, నేరమా, పిచ్చితనమా అన్నది కాదు. తక్కువకు పోతున్నాయేమో అన్నది. వేరే వ్యాపారులు వస్తే ధర తెలిసేది కదా. ఇంటిపనిలో ఎప్పుడైనా అక్కరకు వస్తాయేమో కదా. చివరికి అమ్మేసి, మనసు ఊరుకోక, చచ్చినవాళ్లు ఇప్పుడు ఏ ధర పలుకుతున్నారో కనుక్కోవడానికి బండి కట్టుకొని పట్టణానికి వెళుతుంది. చిచికోవ్ గుట్టు బయటపడటానికి ఆమె ప్రయాణం ఒక ముఖ్య కారణం. మా ఎనుమాముల మార్కెట్లో పొద్దున మిర్చి యార్డులో జెండా పాట అని ఒకటి ఉంటుంది. ఆనాటి మేలైన సరుకుకు పలికిన పై ధర అది. ఆ అంకె చెవిన పడ్డ రైతు తన బస్తాలకు అది రాదని తెలిసినా దాన్నే తలుచుకొంటూ ఉంటాడు. అతనికి ఆ అంకె అవసరం, అతని కష్టం అందులో ఉన్నది. ఆ అంకె కోసం అతడు బాధపడటాన్ని ఏ రచయితా ఎగతాళి చేయకూడదు. కొరొబొచ్కా చచ్చినవాళ్లకు జెండా పాట అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నల స్థానంలో ధర వచ్చి కూర్చుంటే మనిషి ఎంత తెలివిగా, ఎంత పొదుపుగా, ఎంత ఇంటి పట్టున ఉండి చెడిపోవచ్చో ఆమెను చూస్తే తెలుస్తుంది. అదే నవలలో ప్ల్యూష్కిన్ అనే మహాలోభి కూడా ఉన్నాడు. గాదెల్లో ధాన్యం కుళ్లిపోతుంటే దారిలో పడి ఉన్న పాత చెప్పు అట్టను ఏరుకొని ఇంటికి తెచ్చే మనిషి. విమర్శకులు అతని మీద చాలా రాశారు. నాకు అతడు జాలి కలిగిస్తాడు గాని భయం కలిగించడు.

గొగోల్ ఈ నవలకు తరువాతి భాగాలలో చిచికోవ్‌ను మంచివాణ్ణి చేయాలని తలపెట్టాడు. ఏళ్లు గడిచినా కుదరలేదు. 1852లో రెండో భాగం రాతప్రతిని పొయ్యిలో వేసి, కొద్ది రోజుల్లో చనిపోయాడు. దాని వెనుక ఆయన అనారోగ్యం, మతచింతన, ఇంకా ఎన్నో ఉన్నాయి. అయినా వ్యంగ్య రచయితగా ఆయన కలం ఆ మార్పును నమ్మి ఉండదని నాకు అనిపిస్తుంది. ఒకసారి కాంటా వంగిన తరువాత ఆ మనిషి చేసే పశ్చాత్తాపాన్ని కూడా అదే కాంటా తూస్తుంది కదా.

వరంగల్‌లో కూర్చొని వ్యంగ్యం గురించి రాస్తూ కాళోజీని తలవకుండా ఉండటం కష్టమే, కానీ ఆయనది కవిత, నా గొడవ ఇక్కడ కథలతో. కథ అన్నాను కనుక మా వైపు ఊళ్లలో తిరిగే పిట్టల దొరను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఖాకీ లాగు, తలమీద టోపీ, భుజాన కట్టె తుపాకి వేసుకొని వచ్చే ఆ కళాకారుణ్ణి తుపాకి రాముడని కూడా అంటారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరికి వచ్చిన ఒకాయన తన ఆస్తి చదివేవాడు: ఆకాశం కింద ఉన్న భూమంతా తనదేనని, కాకుంటే సాగుకు తీరిక లేక ఊరివాళ్లకు వదిలేశానని, ఇంట్లో బంగారం ఎక్కువై నడవడానికి తోవ లేక వాకిట్లో పడుకుంటున్నానని. అదంతా విని జనం పొట్ట పట్టుకొని నవ్వేవారు. నాగుకు, అంటే గింజల అప్పుకు, ఒక బస్తా గింజలు తెచ్చుకొని పంటకు బస్తన్నర కొలిచి ఇచ్చిన రోజులు చూసిన ముసలివాళ్లు ఆ గుంపులో ఉండేవారు. దొర ఎదుట నిలబడి దొర ఆస్తిని చూసి నవ్వలేని మనుషులు దొర వేషం ముందు కూర్చొని కడుపారా నవ్వుకొన్నారు. ఆట అయిపోయాక భూమంతా తనదైన ఆ దొర జోలె పట్టి ఇంటింటికీ బియ్యం అడుక్కొనేవాడు. మా అమ్మమ్మ గిద్దెడు బియ్యం పోస్తూ, "అంత భూమి ఉన్నది గదా దొరా, ఈ గింజలెందుకు?" అనేది. "కొద్దిగ తక్కువైనయి దొరసానీ" అనేవాడు.

ఇటీవలి కథల్లో లోభి ఎట్లా ఉంటాడో చూసినప్పుడు నాకు ఆ పిట్టల దొర మీద గౌరవం పెరుగుతుంది. మెడలో లావు గొలుసు, నాలుగు వేళ్లకు ఉంగరాలు, కారు దిగి చెరువు వైపు చూసి వికటంగా నవ్వడం, చివరి పేజీలో పోలీసులో గుండెపోటో. అటువంటి కథ చదివి బాధపడ్డ భూకబ్జాదారు ఒక్కడైనా ఉంటాడా అన్నది నా సందేహం. అసలు లోభి అంటే ఇంత పోలిక పట్టగలిగే మనిషైతే మనం ఎన్నడూ మోసపోము, మనం ఎన్నడూ మోసం చేయము. ఆ కథలు పాఠకుడి భుజం తట్టి పంపిస్తాయి.

మా ఇంట్లో దీపం సంగతి చెబుతానన్నాను. పదవీ విరమణ డబ్బు వచ్చిన ఏడు నా దగ్గర చదువుకొన్న ఒక పిల్లవాడు, ఇప్పుడు పిల్లవాడు కాదు, ఇంటికి వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. నుదుట బొట్టు, చేతిలో పండ్ల కవరు. ఒక చెరువు కింద వెంచర్ వేశారని, రెండు వందల గజాల ప్లాటు నాకోసం ఆపి పెట్టానని, కాకతీయుల నాటి చెరువు గాలి తగిలే చోట మీవంటి పండితులు ఉండాలని అన్నాడు. గజం ధర పక్క వెంచర్ కన్నా కొద్దిగ తక్కువ. నేను తొందరపడే మనిషిని కాను. లింకు డాక్యుమెంట్లు అడిగాను, చూపించాడు. భూమి మీద అప్పులూ లావాదేవీలూ చూపించే ఈసీ అడిగాను, తెచ్చాడు. అనుమతుల గురించి అడిగాను, జిరాక్సు కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. ఆ రాత్రి దీపం ఆర్పకుండా నేనూ మా ఆవిడా కూర్చొని, అయిదేళ్లకు ఆ గజం ఎంత అవుతుంది, పదేళ్లకు ఎంత అవుతుంది అని లెక్క వేసుకొన్నాం. ఇల్లు కట్టుకొని ఉందామన్న మాట మా ఇద్దరిలో ఎవరి నోటా రాలేదు. చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయి అన్న ప్రశ్న నీతిచంద్రిక పాఠం చెప్పిన నాకు తట్టలేదు. తట్టలేదని ఇన్నాళ్లూ అనుకొంటూ వచ్చాను. మొదటిరోజు ప్లాటు చూడటానికి వెళ్లినప్పుడు అక్కడ నేల మీద ఎండిన తుంగగడ్డి చూసిన జ్ఞాపకం నాకు ఉన్నది. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమి వాసన ఎట్లా ఉంటుందో పల్లెలో పుట్టినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

2020 ఆగస్టులో కురిసిన వానలకు వరంగల్, హనుమకొండలలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. మూడో రోజు వెళ్లి చూస్తే నా రెండు వందల గజాల హద్దురాళ్లు కనిపించలేదు. నడుము లోతు నీళ్లు. తన పాత హద్దుల దాకా వచ్చి చెరువు హాయిగా పడుకొని ఉన్నది. ఆ పిల్లవాడికి ఫోను చేస్తే, "ఇసొంటి వాన నూరేండ్లకు ఒక్కసారే వస్తది సార్" అన్నాడు. ఆ మాట నేను వెంటనే నమ్మాను. నమ్మడం నాకు లాభం కనుక నమ్మానన్న సంగతి ఇది రాస్తున్నప్పుడు తెలుస్తున్నది.

పోయిన వారం ఎవరో ఆ ప్లాటు బేరానికి ఫోను చేశారు. గొంతును బట్టి చిన్న ఉద్యోగి అనిపించింది. భార్య పక్కనే ఉండి ప్రశ్నలు అందిస్తున్నట్టున్నది. లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా అని అడిగాడు, ఉన్నాయన్నాను. ఈసీ ఉన్నదా అన్నాడు, ఉన్నదన్నాను. మీరు సార్ అని విన్నాను, తెలుగు సార్ అంట కదా, మీమీద నమ్మకంతో అడుగుతున్నాను అన్నాడు. ఆ తరువాత కొంచెం తటపటాయించి, "వానకాలం నీళ్లు వస్తయా సార్?" అన్నాడు.

"కొద్దిగ వస్తయి" అన్నాను.